కారు ఫ్లోర్‌కి తుప్పు పట్టి చిల్లు పడితే ఇంటి దగ్గర ఏ వెల్డింగ్ పెట్టాలి, ఏ రేకు వేయాలి?

తొందరలో ఉన్నవాళ్ళకి సమాధానం ముందే చెప్పేస్తాను. మామూలు కారు ఫ్లోర్ రేకుకి, గాలి తగలకుండా షెడ్డులోనో పోర్టికోలోనో పని చేసుకునే వీలుంటే గ్యాస్ వాడే మిగ్ మెషీన్ (వెల్డింగ్ వైరు దానంతట అదే వచ్చేది) తీసుకోండి. ఆరుబయట చెట్టు కిందే పని అంటే గ్యాస్ లేకుండా నడిచే ఫ్లక్స్ కోర్ వైరు. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే రాడ్డు వెల్డింగ్ కారు రేకు మీద వద్దు. చేతిలో మెషీన్ లేదు, బండికి ఉన్నది ఒక్క చిల్లే అనుకుంటే కొత్త మెషీన్ కొనే బదులు తెలిసిన టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళండి, డబ్బూ మిగులుతుంది, పనీ బాగుంటుంది.

అయితే అందరూ "ఏ మెషీన్ కొనాలి" దగ్గరే మొదలుపెడతారు గానీ దానికంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. చిల్లు బండిలో ఏ భాగంలో ఉంది, దాని చుట్టూ మిగిలిన పాత రేకు అంచు ఎంత మందం ఉంది. ఈ రెండూ తెలిస్తే మెషీన్, రేకు, అతుకు రకం దాదాపు వాటంతట అవే తేలిపోతాయి. ఇవి చూడకుండా మెషీన్ తెచ్చుకున్నవాళ్ళు చిన్న చిల్లుని పెద్ద చిల్లు చేసుకుంటున్నారు.

చిల్లు ఎక్కడుంది?

రోడ్డు మీద నీళ్ళు కిందినుంచి కొట్టి ఫ్లోర్ పోతుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర ఎక్కువగా పోయేది లోపలినుంచే. ముందు అద్దం రబ్బరు పాతబడి వానకి లోపలికి కారడం, ఏసీ నీళ్ళ పైపు పూడిపోయి నీళ్ళు కాళ్ళ దగ్గరికి రావడం, వానాకాలం తడి చెప్పులతో ఎక్కడం, ఇవన్నీ మ్యాట్ కింద స్పాంజిలోకి దిగి నెలల తరబడి అక్కడే ఉంటాయి. పైన మ్యాట్ పొడిగానే కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలి దీనికి తోడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు బురదనీళ్ళలో రోజుల తరబడి ఉండిపోయాయి. అలా మునిగిన బండిని పైపైన కడిగి, సీట్లు ఆరబెట్టి, స్పాంజి ఎత్తకుండా వదిలేస్తే ఫ్లోర్ లోపల్లోపలే తినేస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు మ్యాట్ ఒక మూల ఎత్తి చూస్తామని మొహమాటపడకుండా అడగండి.

చూడటం అంటే పైనుంచి చూసి వదిలేయడం కాదు. సీటు విప్పండి, నాలుగు బోల్టులే (ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే ముందు కింద నిప్పు భాగంలో చెప్పింది చదవండి). కార్పెట్, స్పాంజి పూర్తిగా తీసేయండి. దాని కింద నల్లగా తారు పొర ఉంటుంది, చప్పుడు తగ్గడానికి కంపెనీ వేసేది. తుప్పు దాని కింద దాక్కుంటుంది కాబట్టి ఉలితో ఆ పొరని గీకి తీయాలి. తర్వాత స్క్రూడ్రైవర్ వెనక పిడితో రేకుని అంగుళం అంగుళం తడుతూ రండి. మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు చప్పగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట మొనతో గట్టిగా నొక్కండి. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, మొన కింద మాత్రం రేకు పొరలు పొరలుగా విడిపోయి ఎర్రటి పొడి రాలుతుంది. రూపాయి బిళ్ళంత చిల్లు అనుకున్నది గీకాక అరచేయంత అవ్వడం మామూలే, కాబట్టి మొత్తం గీకేదాకా ఏమీ కొనకండి.

ఇక భాగం సంగతి. జీపు, కమాండర్, బొలెరో, సుమో, క్వాలిస్ లాంటి బండ్లకి కింద విడిగా చాసిస్ ఉంటుంది, బరువంతా దాని మీద. ఫ్లోర్ రేకు కాళ్ళు పెట్టుకోవడానికీ సీట్లు బిగించడానికీ. మారుతి 800, ఓమ్ని, ఆల్టో, అంబాసిడర్, పద్మిని లాంటివాటిలో విడి చాసిస్ లేదు, ఆ రేకూ దాన్ని అంటిపెట్టుకున్న బాక్సులే బండిని నిలబెడతాయి. కాళ్ళ దగ్గరి చదును భాగం, వెనక సీటు కాళ్ళ దగ్గరి చదును భాగం వరకూ ఏ బండికైనా ఇంట్లో ప్యాచ్ వేసుకోవచ్చు. కానీ తలుపు గడప కింద పొడుగునా ఉండే బాక్సు, సీటు బోల్టులు దిగే చోటు, సీట్‌బెల్టు బోల్టు చుట్టూ ఉన్న రేకు, ఫ్లోర్ కింద ముందునుంచి వెనక్కి వెళ్ళే పొడుగాటి బాక్సులు, వెనక సస్పెన్షన్ బిగించే చోటు, జాకీ పెట్టే చోటు, ఇవి పోతే అది ఇంటి పని కాదు. గడప బాక్సు కోస్తే బండి నడుము వంగి తలుపులు సరిగ్గా పడకుండా పోతాయి, కోసే ముందే లోపల అడ్డకమ్మీలు బిగించి కొలతలు పట్టుకోవాలి. కొత్త తరం కార్లలో ఈ భాగాలకి ఎక్కువ బలం ఉన్న స్టీలు వాడతారు, దానికి వేడి తగిలితే ఆ బలం పోతుంది. గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాపాడేది అదే, దాని మీద ప్రయోగాలు వద్దు.

అంచు మందం, దాన్నిబట్టి మెషీన్

కారు ఫ్లోర్ రేకు కొత్తగా ఉన్నప్పుడే సుమారు 0.7 నుంచి 1 మిల్లీమీటరు. తుప్పు సగం తిన్నాక అంచు దగ్గర 0.4 కూడా మిగలదు, దాని మీద ఇంట్లో ఏ మెషీన్ పెట్టినా కరిగి కిందపడుతుంది. అందుకే చిల్లు వరకే కాకుండా మంచి రేకు దొరికేదాకా వెనక్కి కోయాలి. కోసిన అంచుని వెర్నియర్‌తో కొలవండి, లేకపోతే పక్కన కొత్త 20 గేజ్ ముక్క పెట్టి పోల్చుకోండి. 22 గేజ్ అంటే 0.7, 20 అంటే 0.9, 18 అంటే 1.2 మిల్లీమీటర్లు. ఇక్కడ పిసినారితనం చేసి రెండంగుళాలు తక్కువ కోస్తే ఆ రెండంగుళాల దగ్గరే రోజంతా పోతుంది.

రాడ్డు వెల్డింగ్ మెషీన్ చాలా ఇళ్ళలో ఇప్పటికే ఉంటుంది, లేకపోతే వీధి చివర గ్రిల్స్ షాపు అతను మెషీన్ మోసుకుని ఇంటికే వస్తాడు, అందుకే అందరి మనసూ ముందు దాని మీదకే పోతుంది. గేట్లు చేసే వెల్డర్‌కి పనితనం లేదని కాదు. అతని చేయి మందపాటి యాంగిల్స్‌కీ పైపులకీ అలవాటు పడింది, అతను తెచ్చే రాడ్డు ఎక్కువగా 2.5 గానీ 3.15 గానీ మిల్లీమీటర్లది. 2.5 రాడ్డు సరిగ్గా మండాలంటేనే 60 ఆంపియర్లు దాటాలి. ఆ వేడికి 0.8 రేకు నిలవదు, కరెంటు తగ్గిస్తే రాడ్డు అతుక్కుపోతుంది, ఈ రెండింటి మధ్య దారి చాలా ఇరుకు. 2 మిల్లీమీటర్ల 6013 రకం రాడ్డు, డీసీ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్, రాడ్డు మైనస్‌లో, 40కి అటూ ఇటూ ఆంపియర్లు పెట్టి చుక్కలు చుక్కలుగా వేసే చేయి తిరిగినవాళ్ళు ఉన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళకి అది దారి కాదు. పాత జీపు ఫ్లోర్‌లో 18 గేజ్ కంటే మందమైన రేకు ఉంటేనో, ట్రాక్టర్ ట్రాలీ అడుగు అయితేనో రాడ్డు నిక్షేపంగా పనికొస్తుంది, అక్కడ మిగ్ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు.

గ్యాస్ వెల్డింగ్, అంటే ఆక్సిజన్ ఎసిటిలిన్ మంట, మన టింకరింగ్ షాపుల్లో తరాలుగా నడుస్తున్నది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ గ్యాస్‌తో అతుకు వేసి, వేడి మీదే సుత్తితో కింద దిమ్మె పెట్టి కొట్టి చదును చేస్తుంటే చూడాలి, ఆ అతుకు మెత్తగా ఉంటుంది, పగలదు, వంపు తిరిగిన చోట దానికి మించింది లేదు. కానీ మంట వేడి చాలా దూరం పాకుతుంది. చదునైన ఫ్లోర్ రేకు అలలు అలలుగా లేస్తుంది, ఇవతల తారు పొర మండుతుంది, అవతల బ్రేకు పైపు వేడెక్కుతుంది. సిలిండర్లు, మంట వెనక్కి సిలిండరులోకి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు, ఎసిటిలిన్ సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉంచడం లాంటి జాగ్రత్తలు రోజూ ఆ పనిలో ఉన్నవాళ్ళకి అలవాటైపోయి ఉంటాయి. ఇంట్లో ఒక్క ప్యాచ్ కోసం ఎసిటిలిన్ తెచ్చి పెట్టుకోవడానికి నేను ఒప్పుకోను. గ్యాసే కావాలనుకుంటే షాపుకి వెళ్ళండి. అక్కడ ఇత్తడి పోసి అతికిస్తామంటే మాత్రం బరువు పడని చిన్న చోటుకే ఒప్పుకోండి, ఇత్తడి తగిలిన రేకు మీద తర్వాత స్టీలు వెల్డింగ్ పెడితే పగుళ్ళిస్తుంది.

మిగ్‌లో వైరు దానంతట అదే వస్తుంది, గ్యాస్ దాని చుట్టూ కప్పి గాలి తగలనివ్వదు, మీరు చేయాల్సింది ట్రిగ్గర్ నొక్కడం, వదలడం. పల్చటి రేకుకి ఈ వదలడమే ప్రాణం. 0.8 మిల్లీమీటర్ల వైరు, దొరికితే 0.6 ఇంకా మంచిది, 40 నుంచి 60 ఆంపియర్ల మధ్య మొదలుపెట్టి అదే మందం ఉన్న పనికిరాని ముక్క మీద సెట్టింగ్ చూసుకోండి. సెట్టింగ్ కుదిరిందో లేదో చెవికే తెలుస్తుంది. పోపు వేగుతున్నట్టు ఎడతెగని చిటపట రావాలి. ఠప్ ఠప్‌మని వైరు రేకుని పొడుస్తుంటే వైరు వేగం ఎక్కువ, వైరు కొసన గుండు కట్టి వెనక్కి కాలుతుంటే వేగం తక్కువ. గ్యాస్‌లో ఒట్టి కార్బన్ డయాక్సైడ్ చవక, ఎక్కడైనా నింపుతారు, కానీ నిప్పురవ్వలు ఎక్కువ, వేడి లోతుకి దిగుతుంది. ఆర్గాన్‌తో కలిపిన మిక్స్ ఖర్చు ఎక్కువ, పల్చటి రేకు మీద మాత్రం మెత్తగా పనిచేస్తుంది, దగ్గర్లో దొరికితే నా ఓటు మిక్స్‌కే. నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు చాలు. ఇక్కడ మన ఎండలతో ఒక చిక్కుంది, చెమటకి తట్టుకోలేక పక్కన ఫ్యాన్ పెట్టుకుంటాం, ఆ గాలికి గ్యాస్ ఎగిరిపోయి వెల్డింగంతా పొక్కులు, పిన్ హోల్స్. ఫ్యాన్ ఆపి, పొద్దున్నే ఏడింటికే మొదలుపెట్టి పదిన్నరకి ఆపేయండి.

ఫ్లక్స్ కోర్ వైరులో గ్యాస్ పని వైరు లోపలి మందు చేస్తుంది. సిలిండరు అక్కర్లేదు, డిపాజిట్ అక్కర్లేదు, ఆరుబయట కాస్త గాలి ఉన్నా ఆగుతుంది, చిన్న ఊళ్ళలో సిలిండరు నింపించడమే పెద్ద పని కాబట్టి చాలామందికి ఇదే కుదురుతుంది. బదులుగా పొగ ఎక్కువ, రవ్వలు ఎక్కువ, ప్రతి చుక్క తర్వాత పైన పెంకు బ్రష్షుతో తీయాలి, 0.8 కంటే పల్చటి రేకు మీద మిగ్ అంత సౌకర్యం ఉండదు. ఫ్లోర్ మీద ఎలాగూ కార్పెట్ వస్తుంది, అందం గురించి దిగులు పడక్కర్లేదు. ఒక్కటి మాత్రం కచ్చితంగా చూడండి: ఫ్లక్స్ కోర్‌కి టార్చ్ మైనస్‌లో ఉండాలి, గ్యాస్ మిగ్‌కి ప్లస్‌లో. రెండూ చేసే మెషీన్లలో లోపల చిన్న కేబుల్ మార్చాలి. అది మార్చకుండా వాడి "ఈ వైరు మంచిది కాదు" అని తిట్టేవాళ్ళు చాలామంది.

టిగ్ (ఒక చేత్తో టార్చ్ పట్టి, ఇంకో చేత్తో తీగ అందించే వెల్డింగ్) గురించి రెండు ముక్కలు చాలు. అంత శుభ్రమైన అతుకు ఇంకేదీ ఇవ్వదు, కానీ దానికి అద్దంలాంటి రేకు కావాలి, రెండు చేతులూ ఒక కాలూ ఖాళీగా ఉండాలి. స్టీరింగ్ కింద మెడ వంచి పడుకుని చేసే పనికి అది సరిపడదు.

కరెంటు మాట. 40, 60 ఆంపియర్ల దగ్గర ఇన్వర్టర్ మెషీన్ మామూలు పెద్ద ప్లగ్ మీద, అంటే గీజరుకో ఏసీకో పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్ మీద నడుస్తుంది, త్రీ ఫేజ్ అక్కర్లేదు. మెషీన్ మీద 200 అని రాసి ఉందని భయపడకండి, అలాగని ఆ 200 కోసం ఎక్కువ డబ్బు కూడా పెట్టకండి, ఈ పనికి ముఖ్యం అది ఎంత కిందికి దిగుతుందన్నది. 30 దగ్గర కూడా ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) నిలిచే మెషీన్ కావాలి, షాపులో పల్చటి రేకు మీద పెట్టి చూపించమనండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట కొంటే నాలుగు షాపులు తిరిగి పోల్చుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కంటే సన్నది వాడొద్దు, చుట్ట మొత్తం విప్పి పరవండి, చుట్టలోనే ఉంచితే కాలుతుంది.

రేకు ఏది?

సీఆర్ షీటు (పూత లేని మామూలు స్టీలు రేకు), 20 గేజ్. షాపులో ఇలా అడిగితే సరిపోతుంది. పాత అంచు 0.8 ఉంటే కొత్తది 0.9 లేదా 1 మిల్లీమీటరు ఉండాలి, అంతకంటే మందం తీసుకుంటే బలం వస్తుందనుకోవడం పొరపాటు. 16 గేజ్ ప్యాచ్ కరిగేంత వేడి పెట్టేలోపు పక్కన పాత రేకు మాయమవుతుంది.

జీఐ షీటు తుప్పు పట్టదు కదా అని చాలామంది అదే తెస్తారు. దాని మీద జింక్ పూత 900 డిగ్రీలు దాటగానే ఆవిరైపోతుంది, అంటే వెల్డింగ్ పడిన చోట, తుప్పు మొదలయ్యే సరిగ్గా ఆ చోట, పూత ఉండదు. ఆ తెల్లటి పొగ పీల్చితే రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. జీఐ తప్ప దొరకకపోతే అంచు చుట్టూ అంగుళం మేర పూతని ఫ్లాప్ డిస్కుతో తీసేసి, తలుపులన్నీ తెరిచి చేయండి. స్టెయిన్‌లెస్ వేద్దామనే వాళ్ళకి నా మాట: వద్దు. దానికి వేరే వైరు కావాలి, పైగా తడి తగిలినప్పుడు స్టెయిన్‌లెస్ నిక్షేపంగా ఉండి పక్కన మామూలు రేకు ఇంకా తొందరగా పోతుంది. ఓమ్ని వ్యాన్లలో, సరుకుల బొలెరోల్లో ఫ్లోర్ పైన అల్యూమినియం చెకర్ షీటు పరిచి స్క్రూలు బిగించడం చూస్తుంటాం. చూడ్డానికి బాగుంటుంది, కింద నీళ్ళు నిలిచి అసలు ఫ్లోర్‌ని తినేస్తుంటాయి. అది ప్యాచ్ కాదు, మూత.

అన్నిటికంటే మంచి రేకు అదే మోడల్ స్క్రాప్ బండి ఫ్లోర్ నుంచి కోసిన ముక్క. ఫ్లోర్ మీద గాడులు, ఉబ్బెత్తు గీతలు ఉంటాయి చూడండి, అవి అలంకారం కాదు, పల్చటి రేకు డబడబలాడకుండా ఆపేవి అవే. చదును ముక్క పెద్దది వేస్తే కాలు పెట్టినప్పుడల్లా డబ్బా చప్పుడు చేస్తుంది. అరచేయంత చిల్లుకి చదును ముక్క చాలు, అడుగు పొడుగు దాటితే మాత్రం ఆటోనగర్ స్క్రాప్ షాపుల్లో తుప్పు లేని ముక్క కోసం తిరగడం దండగ కాదు.

అతుకు: పైన పరచడమా, అంచుకి అంచా?

అంచుకి అంచు కలిపే అతుకు పుస్తకంలో మొదటి స్థానం, అది నిజమే. రెండు పొరల మధ్య నీళ్ళు నిలవవు, కింద చదునుగా ఉంటుంది. కానీ ముక్క వెంట్రుకవాసి తేడా లేకుండా కోయాలి, పైగా కరగాల్సినవి రెండూ అంచులే, అంచుకి వేడి పోయే దారి ఒకవైపే కాబట్టి చిటికెలో కరిగిపోతుంది. కొత్త చేతికి పైన పరిచే అతుకే మంచిది. ప్యాచ్ పాత రేకు మీద 15 మిల్లీమీటర్ల దాకా ఎక్కేలా కోసి, లోపలివైపునుంచి పైన పెట్టి, ఆర్క్ ముందు కొత్త రేకు అంచు మీద పట్టి, కరిగినదాన్ని పాత రేకు ముఖం మీదకి రానివ్వాలి. అలా చేస్తే పాత రేకులో అంచు కాకుండా మధ్య భాగానికే వేడి తగులుతుంది, అందుకే తట్టుకుంటుంది. కిందినుంచి ప్యాచ్ పెట్టి పైకి చూస్తూ వెల్డింగ్ చేస్తే రవ్వలన్నీ మెడలోకి, పైగా పైన మండేది ఏదో కనిపించదు.

ముందు అట్ట ముక్కతో కొలత తీసుకోండి. మూలలు గుండ్రంగా కోయండి, పదునైన మూల దగ్గరే పగులు మొదలవుతుంది. పరిచే చోట రెండు ముఖాలూ తెల్లగా మెరిసేదాకా గీకి, వెల్డింగ్‌ని తట్టుకునే జింక్ ప్రైమర్ పల్చగా కొట్టి, స్క్రూలతో బిగించి పట్టండి. రెండు రేకుల మధ్య సందు ఉంటే అక్కడ తప్పకుండా చిల్లు పడుతుంది. నాలుగు వైపులా ట్యాకులు (ముక్క కదలకుండా పట్టి ఉంచే చిన్న చుక్కలు) వేశాక ఒక చుక్క ఇక్కడ, తర్వాతది ఎదురుగా, తర్వాతది పక్కవైపు, ఇలా దూరం దూరంగా వేస్తూ, చేయి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. వరసగా లాగేస్తే రేకు విల్లులా లేస్తుంది. చివరికి చుక్కలన్నీ కలిసి చుట్టూ పూర్తి గీత అవ్వాలి, అక్కడొకటి ఇక్కడొకటి వేసి మధ్యలో పుట్టీ నింపడం ఫ్లోర్ మీద పనికిరాదు. చిల్లు పడితే కంగారు లేదు, వెనక రాగి ముక్క ఒత్తి పట్టి దాని మీద చుక్క నింపండి, రాగికి స్టీలు అతుక్కోదు.

వెల్డింగే లేకుండా?

రివెట్లు, ప్యానెల్ బాండ్ జిగురు అనే దారి ఉంది, దాన్ని తీసిపారేయను. విడి చాసిస్ ఉన్న బండిలో, కాళ్ళ దగ్గర చదును చోట, రెండు ముఖాలూ శుభ్రంగా గీకి, కంపెనీ చెప్పినంతసేపు ఆరనిచ్చి చేస్తే అది నిలుస్తుంది, వెల్డింగ్ నిప్పు భయం ఉండదు. విడి చాసిస్ లేని కారులో చిన్న చిల్లుకి తప్ప ఒప్పుకోను. ఫైబర్ మ్యాట్, రెసిన్ పూసేది మాత్రం తుప్పు మీద పట్టదు, లోపల రేకు పోతూనే ఉంటుంది, పైన గట్టిగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. అమ్మేయబోయే బండికి అది పూసి తారు కొట్టి ఇచ్చేవాళ్ళున్నారు. కొన్నవాళ్ళ పిల్లలు ఆ ఫ్లోర్ మీదే కాళ్ళు పెట్టి కూర్చుంటారు, అలా చేయకండి.

నిప్పు దగ్గర రాజీ వద్దు

ముందు ఇంజను, వెనక ట్యాంకు ఉన్న ఏ కారుకైనా పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఫ్లోర్ కిందినుంచే వెళ్తాయి. మీరు పైన వెల్డింగ్ పెట్టే చోటుకి సరిగ్గా కింద ఏముందో బండి కిందకి దూరి కళ్ళారా చూడండి, చేతికి దగ్గరగా ఉంటే పైపు విప్పి పక్కకి జరపాలి. ట్యాంకు దగ్గర చిల్లయితే ట్యాంకు దించకుండా మొదలుపెట్టొద్దు. "ఖాళీ ట్యాంకే కదా" అనొద్దు, ఖాళీ ట్యాంకులో నిండా ఉండేది పెట్రోలు ఆవిరి, పేలేది అదే. బ్యాటరీ విప్పి బయట పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో దాని కంట్రోల్ బాక్సు చాలావాటిలో మధ్య దిబ్బ మీద, గేరు రాడ్డు దగ్గర్లో ఉంటుంది, సీటు కింద పసుపు కనెక్టర్లు ఉంటాయి, వాటి జోలికి తెలిసినవాళ్ళే వెళ్ళాలి. ఎర్తు క్లిప్పు వెల్డింగ్ పక్కనే, తెల్లగా గీకిన రేకు మీద పెట్టండి. బండిని జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు, స్టాండ్లు ఉండాలి.

రేకు తుడవడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడే అలవాటుంటే డబ్బా మీద చదవండి, క్లోరిన్ రకమైతే ఆర్క్ వెలుతురుకి, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అద్దాల మీద తడి గోనెపట్టా కప్పండి, గ్రైండర్ రవ్వలు గాజులో నాటుకుని ఎప్పటికీ పోవు. హెల్మెట్ లేకుండా "ఒక్క ట్యాకే" అని కళ్ళు మూసుకుని వేయడం మానండి, అప్పటికి ఏమీ తెలియదు, అర్ధరాత్రి కళ్ళు మండి నీళ్ళు కారుతూ నిద్ర ఉండదు. పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి, బకెట్ నీళ్ళు, బయట నిలబడి కింద చూస్తుండే మనిషి ఒకరు, ఈ మూడూ లేకుండా ట్రిగ్గర్ నొక్కొద్దు. పని అయ్యాక కనీసం గంట బండి దగ్గరే ఉండండి, మూలన మిగిలిన స్పాంజి ముక్క పైకి కనిపించకుండా రాజుకుంటుంది.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ ఉన్న బండికి ఇంట్లో అసలు వద్దు. కిట్ విప్పడం, బిగించడం, లీకు చూడటం ఆ పని చేసే వర్క్‌షాపులోనే జరగాలి, కాబట్టి ఫ్లోర్ పని కూడా అక్కడికే పట్టుకెళ్ళండి.

వెల్డింగ్ అయ్యాక

ఇక్కడ ఒళ్ళు బద్ధకిస్తే రెండు వానాకాలాల్లో మళ్ళీ మొదటికొస్తారు. రాత్రిపూట బండి కింద లైటు పెట్టి లోపలినుంచి అతుకు చుట్టూ చూడండి, సూది మొనంత వెలుతురు వచ్చినా అక్కడ ఇంకో చుక్క. తర్వాత రెండువైపులా ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అతుకు గీత పొడుగునా సీమ్ సీలర్ (అతుకులోకి నీళ్ళు దూరకుండా మూసే పేస్టు), పైనా కిందా రెండుచోట్లా. పైన పరిచిన అతుకుకి అసలు కీలకం కిందివైపు సీలరే, రోడ్డు నీళ్ళు ఆ రెండు పొరల మధ్యకే దూరతాయి. సీలర్ ఆరాక పెయింటు, కింద అండర్ కోటింగ్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేయడం ఇంటి గేటుకి సరే, ఇక్కడ చాలదు. తుప్పు ఇంకా కొంచెం మిగిలిన సందుల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయొచ్చు, కానీ వెల్డింగ్‌కి ముందు ఆ చోట పూయొద్దు.

చివరగా నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో అది మూయాలి. ముందు అద్దం మీద పైపుతో పది నిమిషాలు నీళ్ళు పట్టి లోపల ఒకరు టార్చ్ లైటుతో చూస్తే తెలిసిపోతుంది. ఏసీ నీళ్ళ పైపులో సన్నటి తీగ దూర్చి పూడిక తీయండి. తలుపుల అడుగున నీళ్ళు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోయి ఉంటే తెరవండి. ఫ్లోర్‌లో కంపెనీ ఇచ్చిన రబ్బరు బిరడాలు ఎండి బిరుసెక్కితే కొత్తవి వేయండి. పాత స్పాంజిని ఎంత ఆరబెట్టినా మళ్ళీ వేయకండి, కొత్తది కొనేదాకా ఒట్టి రబ్బరు మ్యాట్‌తో నడుపుకోండి, తడి ఎక్కడైనా వస్తే కంటికి కనిపిస్తుంది.